నూటికి నూరు తల్లులు

కెప్టెన్ యెఫీం గవ్రీలొవిచ్ తొల్మచోవ్ రాజకీయాధికారి కావడానికి కారణం ఒక జనరల్ గారి కళ్ళజోడు.

ఇరవై రెండేళ్ళ క్రితం ఆయన ఫిరంగి దళం శిక్షణ పాఠశాలలో విద్యార్థి. లెక్కల్లో గట్టివాడు. గుండు ఎక్కడ పడుతుందో కాగితం మీద వేసి చూపిస్తే అది బుద్ధిగా అక్కడే పడేది. ఒక చలికాలం ఉదయం తనిఖీకి వచ్చిన జనరల్ గారు వరస ముందు నిలబడి జేబులన్నీ తడుముకున్నారు. కళ్ళజోడు రైల్లోనే ఉండిపోయింది. చేతిలో ఉన్న పత్రికను ఎదురుగా ఉన్న కుర్రాడికిచ్చి సంపాదకీయం చదవమన్నారు. ఆ కుర్రాడు తొల్మచోవ్. నాలుగు కాలాల సంపాదకీయాన్ని గొంతు సవరించుకోకుండా, ఒక్కసారైనా ఆవలించకుండా చివరిదాకా చదివేశాడు. మర్నాడు తొల్మచోవ్ ఫైల్లో "సైద్ధాంతికంగా పరిపక్వుడు" అని రాశారు. ఆ తర్వాత ఎవరూ ఆయన్ని ఫిరంగి దగ్గరికి రానివ్వలేదు.

సోవియట్ సైన్యంలో పటాలానికి ఇద్దరు పెద్దలు. కమాండరు సైనికుల కాళ్ళూ చేతులూ చూసుకుంటాడు. రాజకీయాధికారి తలలు చూసుకుంటాడు. తల లోపల ఏముందో బయటికి కనబడదు కాబట్టి రాజకీయాధికారి పనిని శాతాల్లో కొలుస్తారు.

శాతాల దగ్గరే తొల్మచోవ్ ఒకసారి దెబ్బతిన్నాడు. ప్రపంచ పరిస్థితి మీద జరిగిన ఉపన్యాసానికి ఎంతమంది హాజరయ్యారని పైవాళ్ళు అడిగితే, తొంభైనాలుగు శాతమని రాశాడు. ఆ రోజు పద్దెనిమిది మంది జ్వరంతో ఆసుపత్రి గదిలో పడుకుని ఉన్నారు మరి. మిగతా పటాలాలన్నీ నూటికి నూరు రాశాయి. ఒక పటాలమైతే ఉపన్యాసం జరగకముందే రాసి పంపింది. తొంభైనాలుగు అనే అంకె ఆయన పేరుకి తోకలా అంటుకుంది. ఆరేళ్ళపాటు ఏ సమావేశానికి వెళ్ళినా, "ఓహో, మీరేనా తొంభైనాలుగు?" అని చెయ్యి కలిపేవారు. ఆయనతో చదువుకున్నవాళ్ళు కర్నళ్ళయ్యారు. ఆయన కెప్టెన్‌గానే ఉండిపోయి, అడవి మధ్య కెద్రోవయా అనే చిన్న స్టేషన్ దగ్గర, రైలు పట్టాలు వేసే పటాలంలో పత్రిక చదివి వినిపిస్తూ, గోడపత్రిక అంటిస్తూ, సైనికుల కొట్లాటలు తీరుస్తూ కాలక్షేపం చేస్తున్నాడు.

భార్య వేరా పోయి మూడేళ్ళయింది. పిల్లలు లేరు. ఆమె రాసిన ఉత్తరాలు ఒక బిస్కట్ల రేకుడబ్బాలో పెట్టుకున్నాడు. సాయంత్రం టీ వేడిగా ఉండటం, మేజోళ్ళు ఆరి ఉండటం, వంటవాడు గంజి అడుగంటించకపోవడం వంటివి కలిసొచ్చిన రోజును ఆయన మంచిరోజు కింద జమకట్టేవాడు. అలాంటి రోజులు నెలకి రెండు మూడు వచ్చేవి.

జనవరిలో ఆదేశం దిగింది. దాని పేరు "తల్లులతో పనిని గుణాత్మకంగా నూతన స్థాయికి పెంపొందించుట గురించి".

ఆదేశాన్ని వివరించడానికి, ఆ ప్రాంతపు పటాలాలన్నిటికీ పైనుండే సైనిక మండలం రాజకీయ విభాగం నుంచి కర్నల్ బెజూగ్లొవ్ స్వయంగా వచ్చాడు. నున్నటి తల, బరువైన సంచీ, మాటకొకసారి గాలిలోకి లేచే చూపుడువేలు.

"కామ్రేడ్స్! సైనికుడి వెనక ఎవరున్నారు?" అన్నాడు.

అందరూ వెనక్కి తిరిగి చూశారు.

"తల్లి! సైనికుడి వెనక తల్లి ఉంది. మరి తల్లి వెనక ఎవరున్నారు?"

కొత్తగా వచ్చిన లెఫ్టినెంటొకడు ఉత్సాహంగా లేచి, "అమ్మమ్మ, కామ్రేడ్ కర్నల్!" అన్నాడు.

"కూర్చో. తల్లి వెనక రాజకీయ విభాగం ఉంది!"

వివరాలు తేలిగ్గానే ఉన్నాయి. ప్రతి సైనికుడి తల్లికీ, ఇంత మంచి కొడుకుని పెంచినందుకు కృతజ్ఞత చెబుతూ రాజకీయాధికారి ఉత్తరం రాయాలి. తల్లి జవాబివ్వాలి. జవాబును సైనికులకి చదివి వినిపించి, బోర్డుకి తగిలించాలి, నకలు పైకి పంపాలి. మార్చి ఎనిమిది, మహిళా దినోత్సవం నాటికి తల్లుల శాతం నూటికి నూరు ఉండాలి.

"మంచి కొడుకులు కానివాళ్ళ సంగతి?" అని తొల్మచోవ్ అడిగాడు.

కర్నల్ ఆయన్ని పరీక్షగా చూశాడు. "మీరు తొంభైనాలుగు కదూ?"

"అవును, కామ్రేడ్ కర్నల్."

"ఆదేశంలో అలాంటి సైనికుల ప్రస్తావన లేదు. అంటే లేరు."

పటాలంలో మూడు వందల పన్నెండు మంది. తొల్మచోవ్ రాజకీయ పాఠాలు జరిగే లెనిన్ గదిలో, పెద్దాయన ప్లాస్టర్ విగ్రహం పక్కన బల్ల వేసుకుని రాయడం మొదలుపెట్టాడు. అబద్ధం రాయడం ఆయనకి చేతకాదు. అందుకని ఒక్కొక్కడిలో ఒక్క నిజమైన మంచి కనబడేదాకా వెతికేవాడు. మూడుసార్లు పారిపోయిన వోరొంకిన్ ప్రతిసారీ పోతూ పోతూ పక్కవాడి దగ్గర అరువు తెచ్చుకున్న టోపీ మడతపెట్టి వెళ్ళాడని తేలింది. "మీ అబ్బాయి పరాయి వస్తువు ముట్టడు. సువిశాల మాతృభూమిని చూడాలని ఆసక్తి మెండు" అని వాళ్ళ అమ్మకి రాశాడు. కాపలాలో నిద్రపోయే ఝూకొవ్ గురించి, "ఎలాంటి పరిస్థితిలోనూ ప్రశాంతత కోల్పోడు" అన్నాడు. వంటవాడు గుమెన్యూక్ దగ్గర ఒక రోజంతా కలం ఆగిపోయింది. చివరికి "మీ అబ్బాయి వండినది తిన్నవాళ్ళెవరూ మరిచిపోలేదు" అని రాసి ఊపిరి పీల్చుకున్నాడు.

జవాబులు రావడం మొదలైంది. వోరొంకిన్ తల్లి, "అయ్యా, ఇంటిపేరు ఇంకోసారి సరిచూసుకోండి. మా వాడు కాకపోవచ్చు. మా వాడే అయితే మీకు వెయ్యి దండాలు" అని రాసింది. ఒకావిడ, "మీరన్నంత మంచివాడైతే ఏప్రిల్లో ఓ వారం పంపండి, ఇంటి కప్పు కారుతోంది" అంది. గుమెన్యూక్ తల్లి ఉత్తరంలో ఉన్నవి రెండే వాక్యాలు. "వాణ్ణి వంటకి పెట్టారా? మీరంతా బాగున్నారా?"

ఉత్తరాలతోపాటు జామ్ సీసాలు, ఎండు పుట్టగొడుగులు, ఉన్ని చేతితొడుగులు వచ్చాయి. లెనిన్ గదిలో విగ్రహం చుట్టూ సీసాలు పేర్చాల్సి వచ్చింది. ఫిబ్రవరి మూడో వారానికి మూడు వందల పదకొండు మంది తల్లులు జవాబిచ్చారు. మిగిలింది ఒక్కటే.

ఆ ఒక్కటి తిమొఫేయ్ పొలుఖిన్‌ది. లాండ్రీ బాయిలర్‌కి బొగ్గు వేసే సైనికుడు. చెవులు పెద్దవి, మాటలు తక్కువ. అనాథాశ్రమంలో పెరిగాడు. తల్లి పేరు రాయాల్సిన గడిలో చిన్న గీత ఉంది.

ఫోన్లో కర్నల్ బెజూగ్లొవ్ గొంతు ఖంగుమంది. "తొంభైతొమ్మిది పాయింట్ ఆరు ఎనిమిదా? అదేం అంకె, కామ్రేడ్ కెప్టెన్?"

"ఒకడికి తల్లి లేదు, కామ్రేడ్ కర్నల్."

"లేకపోవడమేమిటి? తల్లి లేకుండా సైన్యంలోకి ఎలా చేర్చుకున్నారు?"

"సైన్యంలో చేరడానికి కాళ్ళూ చేతులూ అడుగుతారు గానీ తల్లిని అడగరండి."

అవతల కాసేపు కాగితాల చప్పుడు. "చూడండి. ఉత్తరాన గ్లుఖోయ్ కొస అని రేడియో స్తంభం ఉన్న చోటుంది. అక్కడ పదిమందే ఉన్నారు, అందుకని ఈ ఆదేశం వర్తించదు. మీ పటాలం నుంచి ఒక మనిషిని అక్కడికి బదిలీ చేస్తున్నట్టు ఉత్తర్వు పంపుతున్నాను. పేరు ఖాళీ వదిలాను. మార్చి ఎనిమిదిలోగా తల్లి దొరకకపోతే ఆ ఖాళీలో పొలుఖిన్ పేరు రాయండి. అప్పుడు మీ దగ్గర మూడు వందల పదకొండుకి మూడు వందల పదకొండు. అంకగణితం!"

గ్లుఖోయ్ కొస గురించి తొల్మచోవ్ విన్నాడు. పది నెలలు మంచు, రెండు నెలలు దోమలు. పొలుఖిన్‌కి చిన్నప్పటి ఊపిరితిత్తుల జబ్బుందని అదే ఫైల్లో, ఆ చిన్న గీతకి రెండు గడుల కింద రాసి ఉంది. లాండ్రీ బాయిలర్ దగ్గర వేసిందే అందుకు.

మర్నాడు మధ్యాహ్నం భోజనం కాగానే తొల్మచోవ్ లెనిన్ గది తలుపు వేసుకుని, తల్లి అవతారం ఎత్తడానికి కూర్చున్నాడు. ఒక గంట కష్టపడితే ఇలా వచ్చింది: "ప్రియ పుత్రా! నేటి సంక్లిష్ట అంతర్జాతీయ పరిస్థితుల్లో నీ కర్తవ్య నిర్వహణ ఎంతో ప్రాముఖ్యం సంతరించుకున్నది." ఆయన దాన్ని చదువుకుని సిగ్గుపడ్డాడు. గదికి వెళ్ళి బిస్కట్ల డబ్బా తెచ్చాడు. వేరా ఉత్తరాల్లో అంతర్జాతీయ పరిస్థితి ఎక్కడా లేదు. "బూట్లు తడిస్తే పత్రిక నలిపి లోపల కుక్కండి. సంపాదకీయం పేజీ అయితే నీళ్ళు బాగా పీలుస్తుంది" అని ఉంది. "తలస్నానం చేసి వెంటనే బయట తిరగొద్దు" అని ఉంది. "నాకేం దిగుల్లేదు, కానీ త్వరగా రాయండి" అని ఉంది. వాటిలోంచి కాస్త కాస్త తీసుకుని రాస్తూ, మధ్యలో రెండుసార్లు లేచి కిటికీలోంచి చూసొచ్చాడు.

ఇక చేతిరాత కావాలి. తన రాత రాజకీయ విభాగంలో అందరికీ తెలుసు. కాగితం పట్టుకుని లాండ్రీకి వెళ్ళాడు.

లాండ్రీలో ఆవిరి. పొలుఖిన్ బొగ్గు తేవడానికి వెళ్ళాడు. పటాలం బట్టలన్నీ ఉతికే అగ్రఫేనా సవేల్యెవ్నా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. డెబ్భైకి దగ్గర పడ్డ మనిషి. ఆమెకి ఒక కొడుకుండేవాడు. యుద్ధంలోకి వెళ్ళాడు. వాడికి ఆమె రాసిన ఆఖరి ఉత్తరం విప్పకుండానే తిరిగొచ్చింది.

కెప్టెన్ సంగతంతా చెప్పాడు. ఆమె కాగితం దూరంగా పట్టుకుని, పెదవులు కదుపుతూ చదివింది.

"బాగానే ఉంది గానీ, కెప్టెన్ బాబూ, తిన్నావా అని అడగలేదేం?"

"సైన్యం భోజనం పెడుతుంది కదా, అవ్వా."

"పెడితే తిన్నట్టేనా? ఆ గుమెన్యూక్‌గాడి వంట! ముందు తిన్నావా అని రాయాలి. తర్వాతే ఏదైనా." ఇంకో నాలుగు వాక్యాలు చదివి ఆగింది. "ఇదేంటి, 'ఆరోగ్యం పట్ల శ్రద్ధ వహించు'? పిల్లాడికి ఉత్తరమా, ఆఫీసుకి అర్జీయా?"

"అది నేను రాసిన ముక్క."

"తెలుస్తానే ఉంది. కొట్టెయ్. దగ్గొస్తే దాచుకోకు అని రాయి. వాడు దాచుకుంటాడు. బొగ్గు వేస్తూ మూతికి మోచెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గుతాడు, నాకు వినబడదనుకుని. ఈ బూట్ల ముక్క ఎవరిది? బాగుంది."

"మా ఆవిడది."

అగ్రఫేనా ఆయన వంక ఒకసారి చూసి, ఇంకేం అడగకుండా కలం తీసుకుంది. బట్టలమూటలకి కట్టే చీటీల మీద రాసి రాసి అలవాటైన గుండ్రటి పెద్ద అక్షరాలతో మూడు పేజీలు రాసింది. కింద "అమ్మ" అని రాసేటప్పుడు కలం కాసేపు కాగితానికి ఆనించే ఉంచింది.

శనివారం రాజకీయ పాఠం గంటలో తొల్మచోవ్ ఆ ఉత్తరం చదివాడు. సంపాదకీయాలు చదివిన గొంతే, కానీ ఈసారి రెండుచోట్ల సవరించుకోవాల్సి వచ్చింది. తిమొఫేయ్‌ని ముద్దుపేరుతో అడిగిన "తిన్నావా, తిమోషా?" దగ్గర వెనక వరసల్లో గుసగుసలు ఆగాయి. బూట్ల దగ్గర ఝూకొవ్ నిద్ర లేచాడు. చదవడం అయ్యాక ఉత్తరాన్ని బోర్డుకి తగిలిస్తే, అందరూ గుమిగూడి చూశారు.

అప్పుడు గుర్తొచ్చింది తొల్మచోవ్‌కి. ఆ గుండ్రటి అక్షరాలు మూడు వందల పన్నెండు మందికీ తెలుసు. ప్రతి వారం ప్రతివాడి బట్టలమూట మీదా అవే ఉంటాయి. సైనికులు ఉత్తరం చూశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వోరొంకిన్ నోరు తెరవబోతే పక్కవాడు కాలు తొక్కాడు. వోరొంకిన్ మింగుకుని, "మీ అమ్మ రాత ముత్యాల్లా ఉందిరా, పొలుఖిన్" అన్నాడు. ఒక్కొక్కరే టోపీలు తీసుకుని బయటికి నడిచారు.

పొలుఖిన్ బెంచీలు సర్దే నెపంతో ఆగాడు.

"కామ్రేడ్ కెప్టెన్, అడగొచ్చా?"

"అడుగు."

"మా అమ్మకి జవాబు రాయొచ్చా?"

"రాయొచ్చు. నిబంధనల్లో అడ్డు లేదు. రాసి నాకియ్యి, చేరుస్తాను."

"మీకెందుకు శ్రమ?" అన్నాడు పొలుఖిన్ బెంచీని గోడకి ఆనిస్తూ. చెవులు ఎర్రబడ్డాయి. "బొగ్గు వేయడానికి ఎలాగూ అటే వెళ్తాను."

నకలు పైకి వెళ్ళింది. అంతటితో కథ ముగిస్తే అందరూ సుఖంగా ఉండేవారు. కానీ రాజకీయ విభాగంలో ఎవరో దాన్ని చదివారు. అక్కడ కాగితాలు చదవడం రివాజు కాదు. టైపిస్టు ఏడ్చిందట, అందుకని ఆమె పై అధికారి చదివాడు. వారం తిరక్కుండా కర్నల్ ఫోన్.

"కామ్రేడ్ కెప్టెన్! మండలం మొత్తం మీద ఉత్తమ మాతృలేఖ మీ పొలుఖిన్ తల్లిది! మార్చి ఎనిమిదిన తల్లుల మహాసభ. ఆమె వేదిక మీద కూర్చుంటుంది, ప్రసంగిస్తుంది, గౌరవపత్రం అందుకుంటుంది. మీరే వెంటబెట్టుకు రండి!"

"కామ్రేడ్ కర్నల్, ఆమె..."

"నడవలేకపోతే మోసుకు రండి!"

అగ్రఫేనా వింటూనే తలకి కట్టుకునే కొత్త రుమాలు తీసింది. "రైలెక్కి ఎన్నేళ్ళయింది బాబూ. పద."

మహాసభ అధికారుల భవనంలో జరిగింది. వేదిక మీద నలభై మంది తల్లులు. కర్నల్ బెజూగ్లొవ్ ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క కాగితం పెట్టాడు. అందరికీ ఒకటే ప్రసంగం, పేరు చోట చుక్కలున్నాయి. పక్క కుర్చీలో మండలం జనరల్, తెల్లటి మీసాలాయన, సగం కళ్ళు మూసుకుని ఉన్నాడు. అప్పటికి పదహారుమంది తల్లులు అదే ప్రసంగం చదివారు మరి.

పదిహేడో తల్లి అగ్రఫేనా. కాగితం దూరంగా పట్టుకుంది. "మా కుమారుల పట్ల సైన్యము చూపు నిరంతర..." దాకా చదివి ఆగిపోయింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రుమాలు చెంగున దోపింది.

"నాకిది నోరు తిరగట్లేదు. నేను బట్టలుతికేదాన్ని. నాకు తెలిసింది చెబుతా."

మూడో వరసలో కూర్చున్న తొల్మచోవ్ కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"మా వాడి పాదం నలభై ఒకటి. స్టోరువాడు నలభై నాలుగు బూట్లిచ్చాడు. ఎందుకురా అంటే, ఎదుగుతాడులే అన్నాడట. ఇరవయ్యేళ్ళవాడి పాదం ఇంకేం ఎదుగుతుంది? వాడి మేజోళ్ళకి మడమ దగ్గర ఎప్పుడూ నెత్తురు మరక. ఉతికితే పోదు. నేను ఉతికి చూశాను గనక చెబుతున్నా."

కర్నల్ వేలు గాలిలోకి లేచి అక్కడే ఉండిపోయింది. వేదిక చివర ఒక లావుపాటావిడ లేచింది. "మా వాడికీ అంతే! నలభై మూడువాడికి నలభై ఒకటి ఇచ్చారు. గోళ్ళు ఊడిపోయాయని రాశాడు!" ఇంకొకావిడ, "మరి ఈ రెండు జతలూ మార్చుకుంటే పోలా?" అంది. ఆ తర్వాత ప్రసంగం కాగితాలన్నీ విసనకర్రలయ్యాయి. తల్లులు కుర్చీలు దగ్గరికి లాక్కుని కొలతలు చెప్పుకుంటుంటే, పత్రికా విలేకరి ఏం రాయాలో తెలియక బూట్ల సైజులు రాసుకున్నాడు.

జనరల్ కళ్ళు పూర్తిగా తెరిచాడు. అగ్రఫేనా వైపు వంగి, నెమ్మదిగా, "మీ వాడికి నలభై ఒకటి అన్నారు కదమ్మా?" అని అడిగి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి తన చేత్తో రాసుకున్నాడు. "నేనూ మొదటి ఏడాదంతా పెద్ద బూట్లే తొడిగాను. మా అమ్మకి చెప్పలేదు."

సభ నివేదికలో "తల్లులు సైన్యంపట్ల ప్రగాఢమైన, కొలవదగిన ఆసక్తిని కనబరచారు" అని రాశారు. ఏప్రిల్లో మండలమంతటా కొలత ప్రకారం బూట్లు వచ్చాయి. పొలుఖిన్ కొత్త బూట్లతో లాండ్రీ చుట్టూ రెండుసార్లు ఊరికే నడిచొచ్చాడు. తొల్మచోవ్‌కి తల్లుల పనిలో విశిష్ట కృషికి మేజర్ హోదా ప్రకటించారు.

ఇంతలో సిబ్బంది విభాగంవాళ్ళు పత్రికలో ఫొటో చూశారు. కర్నల్ మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి గొంతు తగ్గించాడు.

"కామ్రేడ్ మేజర్, అంతటి గొప్ప తల్లి మీ పటాలం సివిలియన్ సిబ్బందిలోనే ఉందట?"

"ఉంది, కామ్రేడ్ కర్నల్."

"పద్నాలుగో నిబంధన. ఒకే పటాలంలో తల్లీ కొడుకులు పనిచేయరాదు. బంధుప్రీతి! గ్లుఖోయ్ కొస బదిలీ ఉత్తర్వు మీ దగ్గరే ఉందిగా? కొడుకు పేరు రాసెయ్యండి."

తొల్మచోవ్ రిసీవర్ చేతులు మార్చుకున్నాడు. నిజం చెప్పకపోతే కుర్రాడు పోతాడు. చెబితే తన ఉద్యోగం, పార్టీ కార్డు రెండూ పోతాయి.

"కామ్రేడ్ కర్నల్, ఆమె అతని తల్లి కాదు. ఆ ఉత్తరం నేనే రాశాను."

"కామ్రేడ్ మేజర్," అన్నాడు కర్నల్, చంటిపిల్లాడికి చెప్పినట్టు, "ఆమెను తల్లిగా మండలం సైనిక మండలి గుర్తించింది. జనరల్ గారు సంతకం చేసి గౌరవపత్రం ఇచ్చారు. ఒక మేజర్ చెప్పినంత మాత్రాన తల్లి రద్దు కాదు. మీరు అలసిపోయారు. టీ తాగండి."

తొల్మచోవ్ టీ తాగాడు. ఆ రోజు టీ వేడిగా ఉంది. తాగుతూ నిబంధనల పుస్తకం మొదటి పేజీ నుంచి తిప్పాడు. నలభై ఒకటో నిబంధన దగ్గర ఆగాడు. "వృద్ధురాలైన తల్లికి ఏకైక ఆధారమైన సైనికుణ్ణి ఆమె నివాసానికి సాధ్యమైనంత దగ్గరగా నియమించవలెను." పద్నాలుగో నిబంధన ఇద్దరూ ఒకే పటాలంలో ఉండకూడదంటుంది. నలభై ఒకటి సాధ్యమైనంత దగ్గర ఉండాలంటుంది. ఎంత దగ్గరో పుస్తకంలో లేదు. ఆయన కిటికీలోంచి చూశాడు. లాండ్రీకి అవతల పదడుగుల్లో పటాలం కంచె.

సోమవారం ఉదయం కమాండరుతో మాట్లాడి, స్టేషన్ వాళ్ళ సంతకం తెచ్చుకున్నాడు. మధ్యాహ్నానికి మూడు వందల పన్నెండు మంది గునపాలు పట్టుకున్నారు. వాళ్ళు రోజుకి అర కిలోమీటరు రైలు పట్టా వేసేవాళ్ళు. కంచెని పీకి, లాండ్రీకి ఇవతలి పక్క పాతడానికి రెండు గంటలు పట్టలేదు. కంచె కదలగానే లాండ్రీ పటాలం బయటికి పోయి స్టేషన్ కిందికి వచ్చింది. బాయిలర్ మాత్రం పటాలం ఆస్తి. అందుకని పొలుఖిన్‌కి "తల్లి దర్శనార్థం, బొగ్గుతో సహా" అని రోజువారీ అనుమతి చీటీ ఇచ్చారు. ఝూకొవ్ కొత్త ద్వారం దగ్గర కాపలా. పొలుఖిన్ రోజుకి ఎనిమిదిసార్లు తల్లిని చూడ్డానికి వెళ్ళేవాడు, ఎనిమిదిసార్లూ ఝూకొవ్ లేచి చీటీ అడిగేవాడు. నెల తిరిగేసరికి ఝూకొవ్ కాపలా నిద్ర పూర్తిగా వదిలిపోయింది.

కర్నల్ బెజూగ్లొవ్ రెండు నిబంధనలూ చదివి, కంచె పటం చూసి, అభ్యంతరం చెప్పలేకపోయాడు. ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. గ్లుఖోయ్ కొసకి ఒక మనిషి అనే ఉత్తర్వు బయల్దేరిపోయింది. బయల్దేరిన ఉత్తర్వు వెనక్కి రాదు, దానిలో ఎవరో ఒకరి పేరు ఉండాలి. తొల్మచోవ్ కాగితం ముందు పెట్టుకుని కాసేపు ఆలోచించాడు. తనకి దగ్గు లేదు. బూట్లు సరిపోతాయి. సంపాదకీయాలు ఎక్కడైనా అవే. ఖాళీలో తన పేరు రాసుకున్నాడు.

వెళ్ళే రోజు అగ్రఫేనా కంచె అవతల నిలబడి, కంచె మీదుగా ఉన్ని మేజోళ్ళ జత అందించింది. "పోయొస్తావా, బాబూ" అంది. పొలుఖిన్ పెట్టె మోసుకుని స్టేషన్ దాకా వచ్చాడు. రైలు కదిలాక పక్కనే కొంత దూరం పరిగెత్తాడు. కొత్త బూట్లు బాగానే పరిగెత్తాయి.

గ్లుఖోయ్ కొసలో రేడియో స్తంభం, దాని చుట్టూ గాలి, గాలిలో పదిమంది సైనికులు, ఒక మేజర్. ఆరు నెలల తర్వాత అక్కడికీ కాగితం చేరింది. తల్లుల ఉద్యమం సాధించిన విజయం దృష్ట్యా ఆదేశాన్ని అన్ని చోట్లకీ, అధికారులకీ కూడా విస్తరించారు. తొల్మచోవ్ నవ్వుకుని పదిమంది తల్లులకీ రాశాడు. నెల రోజుల్లో పది జవాబులూ వచ్చాయి. పదకొండో మనిషి తనే. ఆయన తల్లి పోయి పంతొమ్మిదేళ్ళు. నివేదిక కాగితం తీసి, పదకొండులో పది ఎంత శాతమో వేశాడు. తొంభైకి కాస్త పైన. "తొంభైనాలుగు కంటే దిగజారాం" అని స్తంభంతో అన్నాడు.

నివేదిక తీసుకెళ్ళే విమానం మంగళవారం వచ్చింది. టపా సంచీలో ఒక మందపాటి కవరు. గుండ్రటి పెద్ద అక్షరాలు. పేరు చోట "మేజర్ యెఫీం" వరకే ఉంది, తండ్రి పేరు, ఇంటిపేరు లేవు. అయినా చేరింది.

"తిన్నావా, యెఫీం? తిన్నాకే చదువు. ఇక్కడ తిమోషాకి దగ్గు తగ్గింది. గుమెన్యూక్ ఇప్పుడు గంజి మాడ్చట్లేదు, వాళ్ళమ్మ వచ్చి వారం ఉండి నేర్పి వెళ్ళింది. నీకు బూట్లు తడుస్తాయి, ఆ ఊళ్ళో తడవక చస్తాయా. పత్రిక కుక్కు. ఏ పేజీయో నీకు తెలుసు. నాకేం దిగుల్లేదు, కానీ త్వరగా రాయి." కింద "అమ్మ". దాని కింద ఇంకో చేత్తో, బొగ్గు వేలిముద్రతో సహా: "తమ్ముడు కూడా."

పైలట్ ఇంజను ఆపకుండానే తల బయటికి పెట్టి, "కామ్రేడ్ మేజర్, నివేదిక! గాలి తిరుగుతోంది!" అని కేకేశాడు.

తొల్మచోవ్ కాగితం మోకాలి మీద పెట్టుకుని, తొంభై చిల్లర కొట్టేసి, పక్కన "నూటికి నూరు" అని రాశాడు. ఇరవై మూడేళ్ళ సర్వీసులో ఆయన ఎన్నో నూర్లు రాశాడు. చెయ్యి ఆగకుండా రాసింది ఇదొక్కటే. విమానం వెళ్ళాక లోపలికి వచ్చి, ఆ వారం పత్రిక విప్పి, సంపాదకీయం పేజీ జాగ్రత్తగా చించి, తడి బూట్లలో కుక్కి పొయ్యి పక్కన పెట్టాడు. తర్వాత తినడానికి కూర్చున్నాడు.